బడి పుస్తకములోని వివరములు ఎవరి సొత్తు?

పదవ తరగతి పరీక్షలు ముగిసి పట్టుమని పదిదినములు గడవకముందే, ఫలితములు వెలువడకముందే, మన తెలుగునాట తల్లిదండ్రుల ఫోనులు మ్రోగ నారంభించును. మాటలాడువాడు ఏదో యొక యింటర్మీడియట్ కళాశాల పక్షమున తిరుగు పి.ఆర్.ఓ. అతనికి పిల్లవాని పేరు తెలియును. చదివిన బడి తెలియును. తండ్రి వృత్తి తెలియును. ఒక్కొక్కచో ప్రీఫైనల్ పరీక్షలో గణితమున వచ్చిన మార్కులును తెలియును. తల్లిదండ్రులు మొదటినాడు విస్తుపోదురు, రెండవనాడు విసుగుకొందురు, మూడవనాడు ఫీజులో తగ్గింపు నిత్తుమన్నవాని మాటకు చెవి యొగ్గుదురు. ‘నా నంబరు నీకెవ్వరిచ్చిరి?’ అని నిలదీయువారు మిక్కిలి యరుదు. నిలదీసినను బదులు రాదు. ఆ నంబరు ఆకాశమునుండి యూడిపడినది కాదు. ఏ బీరువానుండియో, ఏ కంప్యూటరునుండియో, ఏ గుమాస్తా జేబునుండియో బయటికి నడచినది. దానిని మొదట వ్రాయించుకొన్నది మాత్రము బడియే. ‘ఇది నింపినగాని చేర్చుకొనము’ అని కాగితము చేతికిచ్చినది బడియే.

పిల్లల వివరములను బడి యేమేరకు పుచ్చుకొనవచ్చునో, ఎవరికి చూపవచ్చునో, ఎన్నాళ్లు దాచవచ్చునో, ఎప్పుడు చింపివేయవలయునో చెప్పెడి యాచారనియమావళి మన యుపాధ్యాయవృత్తికి లేదు. దానిని ప్రభుత్వము వ్రాసి పంపునని చేతులు ముడుచుకొని కూర్చుండుట తగదనియు, ఉపాధ్యాయులమైన మనమే దానిని వ్రాసికొని మనమే మొదట కట్టుబడవలయుననియు నా వాదము. ఇది కొందరికి రుచింపదు. కానిండు.

పూర్వపు దాఖలా పుస్తకమును చూచినవారికి అందలి గడులెన్నియో జ్ఞాపకముండును. పేరు, తండ్రిపేరు, పుట్టినతేది, కులము, మతము, రెండు పుట్టుమచ్చలు, చేరిన తరగతి, విడిచిన తేది. ఇంచుమించుగా నంతే. పుస్తకము ప్రధానోపాధ్యాయుని బీరువాలో నుండెడిది. దానిని చూడదలచినవాడు ఊరికి రావలెను, బడికి రావలెను, ఆయన యెదుట నిలిచి కారణము చెప్పవలెను. ఆ శ్రమయే యొక కావలి. నేడు గడులకు లెక్క లేదు. పిల్లవాని యాధార్ సంఖ్య, తల్లి యాధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా, రేషను కార్డు, కుటుంబపు టాదాయము, ఎత్తు, బరువు, రక్తపు గ్రూపు, అంగవైకల్యము, ఛాయాచిత్రము, ఫోను నంబరు. 2022-23 నుండి యూడైస్ ప్లస్ అను కేంద్రపు పట్టిక బడికొక్కటిగా గాక పిల్లవానికొక్కటిగా నింపబడుచున్నది. దానిపై 2023లో ‘అపార్’ అను పండ్రెండంకెల సంఖ్య వచ్చినది. ఇవి గాక బడి యజమాని యెవ్వనివద్దనో కొనుక్కొన్న యాపు వేరు. పూర్వపు కావలి యింక లేదు. ఎక్కడనో కూర్చున్నవాడు వేలు కదపిన లక్ష పేర్లు వాని యెదుట నిలుచును. గడులు పదింతలు పెరిగినవి. తాళపుచెవులు వేయింతలు పెరిగినవి. వానిని పట్టుకొన్నవారి బాధ్యత మాత్రము పెరుగలేదు.

అయితే వివరముల విషయమైన యపచారము కంప్యూటరుతోనే పుట్టినదని యెవరైన ననుకొన్నచో వారు మన తరగతిగదిని చూచినవారు కారు. విద్యార్థివేతనముల కాలము వచ్చును. గుమాస్తా కాగితము పట్టుకొని గుమ్మమున నిలుచును. ‘ఎస్సీలు లేవండి. ఎస్టీలు లేవండి. కులపత్రము తేనివారెవరు?’ ఈ కేక వినని తరగతి మన బడులలో నెన్ని కలవు? ఆ కేకతో ఏబది జతల కన్నులు నలుగురు పిల్లలమీద పడును. అంతవరకు వారితో కలసి యాడినవాడు ఒకసారి వారివంక చూచి, మరల తన ప్రక్కవానివంక చూచును. ఆ చూపునకు జవాబు చెప్పు విద్య యే పాఠ్యపుస్తకమునందును లేదు. ప్రభుత్వము ఆ పిల్లవానికి సాయపడుటకై కులమడిగెను. బడి దానిని తరగతికంతకు చాటెను. ఒకే వివరము ఒకచోట వేతనమైనది, ఒకచోట అవమానమైనది. కందుకూరి వీరేశలింగము పంతులుగారి పాఠము చెప్పుచున్న యుపాధ్యాయుడు పాఠము నడుమ ఈ కేక వేయుటకు గుమాస్తాకు దారి యిచ్చి ప్రక్కకు తొలగి నిలుచును! ఒక చీటీమీద నాలుగు పేర్లు వ్రాసి, విరామకాలమున వారిని వేరుగా పిలిచి మాటలాడిన నేమి కష్టము? కాలము పట్టుననిన నమ్మను. అక్కరయని తోచలేదు, అంతియే.

ఫీజు చెల్లింపనివారి పేర్లను వాట్సాప్ గ్రూపునందు ప్రకటించుట, తప్పినవాని మార్కులను ఇతరుల తల్లిదండ్రుల కందరకు పంపుట, ర్యాంకు వచ్చిన పిల్ల ముఖమును అడుగకయే కూడలిలో ఫ్లెక్సీ కెక్కించుట మొదలగునవన్నియు ఆ కేకకు తోబుట్టువులే.

‘ఏమున్నది స్వామీ, బీదవారికి దాచుకొనుటకు?’ అని కొందరందురు. ఈ మాట యెప్పుడును బీదవాడనడు, బీదవానిగూర్చి యితరులందురు. దాచుకొనుటకేమియు లేనివానికే పుస్తకములో పేరెక్కుట యెక్కువ కీడు చేసినదని మన దేశచరిత్రయే చెప్పుచున్నది. 1871లో ఆంగ్లప్రభుత్వము నేరస్థజాతుల చట్టమని యొకదానిని చేసెను. 1911లో దానిని తిరుగవ్రాసి మద్రాసు రాజధానికిని వర్తింపజేసిరి. ఎఱుకలవారు మొదలగు జాతులవారి పేర్లు, వేలిముద్రలు రిజిస్టరులో నెక్కెను. బాపట్ల దగ్గరి స్టువర్టుపురము అట్టివారి కొరకు ఏర్పడిన సెటిల్మెంటే. తాను దొంగిలించినను దొంగిలింపకున్నను, హాజరు పిలిచినప్పుడు పలుకకపోయిన నేరము. చట్టము మద్రాసు రాజ్యమున 1947లోను, దేశమంతట 1952లోను రద్దయ్యెను. రిజిస్టరు పోయినను పేరు పోలేదు. ఆ యూరిపేరు చెప్పుకొనుటకు తరువాతి తరములవారు గూడ ఎంత వెనుకాడిరో ఆ ప్రాంతమువారికి తెలియును.

ఇది దుర్బుద్ధితో వ్రాసిన పుస్తకము గదా, మనది సద్బుద్ధితో వ్రాసినది గదా యనవచ్చును. సద్బుద్ధితో వ్రాసిన దానికిని ఉదాహరణము కలదు. హాలండు దేశమున పురపాలకులు శాంతికాలమున, పరిపాలనాసౌకర్యము కొరకే, ప్రతి నివాసికిని ఒక చీటీ చొప్పున పెట్టి అందు మతమును గూడ వ్రాసికొనిరి. ఎవరికిని కీడు తలపెట్టి వ్రాసినది కాదు. 1940లో జర్మను సేనలు వచ్చినవి. యూదులెవ్వరు, ఎచ్చట నున్నారని వారు వెదకవలసిన పని లేకపోయెను. చీటీలు సిద్ధముగా నున్నవి. 1943 మార్చి 27వ తేది రాత్రి ప్రతిఘటనోద్యమమువారు ప్రాణములకు తెగించి ఆంస్టర్‌డాములోని ఆ రిజిస్టరుశాలకు నిప్పు పెట్టిరి. కాగితములలో కొంతభాగమే కాలినది. పట్టుబడినవారిలో పలువురు చంపబడిరి. ఆ దేశపు యూదులలో నాలుగింట మూడువంతులవారు ఆ యుద్ధమున హతులైరి. వ్రాసినవాని బుద్ధి మంచిదే; పుస్తకము చేతులు మారినది. మన పుస్తకము ఎవ్వరి చేతికి పోవునో మనకు తెలియునా?

అంతదూరము పోనక్కరలేదు. 2017లో బెంగుళూరునందలి యొక పరిశోధనసంస్థవారు నాలుగు ప్రభుత్వ వెబ్‌సైటులను పరిశీలించి, రమారమి 13 కోట్ల ఆధార్ సంఖ్యలు ఎల్లరకు కనబడునట్లున్నవని చెప్పిరి. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశమువే. మరుసటియేట, 2018 ఏప్రిల్‌లో, ఆంధ్రప్రదేశపు గృహనిర్మాణసంస్థ వెబ్‌సైటునందు లక్షకు పైబడిన లబ్ధిదారుల ఆధార్ సంఖ్యలు, కులము, మతములతో సహా బట్టబయలుగ నుండెను. ఎవరును గోడ దూకి దొంగిలింపలేదు. తలుపు పెట్టుటయే మరచిరి. తెలంగాణమున రేషను కార్డుల గతి వేరొక విధము. పలు శాఖల పట్టికలను కంప్యూటరు చేత జతపరపించి, దాని మాటపై కార్డులు కొట్టివేసిరి. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రద్దయిన 19 లక్షల కార్డులను ఇంటింట విచారించి చూడుడని యాజ్ఞాపింపవలసి వచ్చెను. ఇక మన బడులమాట. కేంద్రప్రభుత్వపు ‘దీక్ష’ యాపునకు చెందిన పదిలక్షలకు పైగా ఉపాధ్యాయుల పేర్లు, ఫోను నంబరులు, ఇంచుమించు ఆరులక్షల విద్యార్థుల వివరములు కావలి లేని సర్వరులో నేడాదికి పైగా పడియుండెనని 2023 జనవరిలో వెల్లడియయ్యెను. ఆ పట్టికలో నా పేరున్నదో మీ పేరున్నదో మన కెవ్వరును జాబు వ్రాయలేదు.

‘చట్టము వచ్చినది గదా?’ యనువారికి చెప్పవలసినది కొంత కలదు. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు గోప్యత ప్రాథమికహక్కని యేకగ్రీవముగా తీర్పు చెప్పిరి. 2018 సెప్టెంబరులో ఆధార్ వ్యాజ్యమున అదే న్యాయస్థానము బడిలో చేర్చుకొనుటకు ఆధార్ నిర్బంధింపరాదనియు, అది లేదని యే పిల్లవానికిని మేలు నిరాకరింపరాదనియు స్పష్టముగ పలికినది. తీర్పు వచ్చి యేండ్లు గడచినవి. ‘ఆధార్ జిరాక్సు తెచ్చితివా?’ అను ప్రశ్న మన బడి గడపమీద మొదటి ప్రశ్నగా నున్నది. మైనరు పిల్లవాడు పదునెనిమిదేండ్లు నిండిన యారు నెలలలోపల తన యాధార్‌ను రద్దు చేసికొనుటకు హక్కు కలదని 2019 నాటి సవరణ చెప్పుచున్నది. ఈ సంగతి యెన్ని ఉన్నతపాఠశాలలలో పదవ తరగతివారికి చెప్పితిమి?

2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము వచ్చినది. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడినవి, ముఖ్యమైనవి అమలునకు వచ్చుటకు పదునెనిమిది నెలల గడువుతో. అందు మంచి లేదనను. పదునెనిమిదేండ్లు నిండనివాని వివరములకు తల్లిదండ్రుల సమ్మతి కావలెననుట మంచిది. పిల్లల వెంటబడి వారి నడత గమనించి ప్రకటనలు గుప్పింపరాదనుట మంచిది. భద్రత చేయనివానికి 250 కోట్ల రూపాయలవరకు జుల్మానా. చదువుటకు ఘనముగా నున్నది. ఆ జుల్మానా యెవ్వరికి? సర్కారు ఖజానాకు. వివరములు పోగొట్టుకొన్న పిల్లవానికి దమ్మిడీ రాదు. పూర్వచట్టమున నష్టపరిహారమునకున్న దారిని గూడ ఇది మూసివేసినది. పైగా నిరాధారమైన ఫిర్యాదు చేసినవానికి పదివేల రూపాయల దండనమట! ప్రభుత్వశాఖలకు మినహాయింపులు ధారాళము. బడులు పిల్లల కదలికలను గమనించుటకు గూడ, చదువు నిమిత్తమనియు క్షేమము నిమిత్తమనియు, నియమములలో వెసులుబాటు కలదు. వీనికంటె మాకు ముఖ్యమైన దొకటి: ఈ చట్టము పేరులోనే యున్నట్లు డిజిటలు రూపమున నున్న వివరములకే వర్తించును. కాగితపు పుస్తకము దీనికి వెలి. తరగతిలోని కేక దీనికి వెలి. గుమాస్తా చేతివ్రాతతో పి.ఆర్.ఓ.కిచ్చిన చీటీ కంప్యూటరు కెక్కువరకు దీనికి వెలి. చట్టము చేరని తావులలో మనిషిని నిలుపునది వృత్తిధర్మమొక్కటే.

ఇతర వృత్తులవారికి అది కలదు. రోగి యింట చూచిన సంగతులను బయట పలుకరాదని చరకసంహితలో వైద్యవిద్యార్థికి గురువు చేయు నుపదేశమున నున్నది. కక్షిదారు చెప్పినదానిని వకీలు వెల్లడింపరాదని చట్టమే శాసించుచున్నది. ఉపాధ్యాయునికి లేదు. మన ప్రాచీనులు పట్టికల నెరుగనివారా? కౌటిల్యుని యర్థశాస్త్రమున గోపుడను నధికారి యూరూర ఇండ్లు, మనుష్యులు, పశువులు, వృత్తులు, ఆదాయవ్యయములు లెక్క వ్రాయును. ఆ లెక్క నిజమో కాదో తెలిసికొనుటకు మారువేషపు చారులు వెనుక తిరుగుదురు. రాజుకు ప్రజలు తెలియవలెను. ప్రజలకు రాజుయొక్క పుస్తకము తెలియనక్కరలేదు. అదే పద్ధతి కరణపు లెక్కలలో మొన్నమొన్నటి దాక నడచినది. 1984లో కరణముల యుద్యోగములు పోయినవి. కరణము బుద్ధి బడిగుమ్మము దాటి లోపలికి వచ్చి కూర్చున్నదేమోయని నా యనుమానము.

మనకు రహస్యము పాటించుట తెలియదని చెప్పుటకును వీలులేదు. జనాభాలెక్కలకు ఇంటింట తిరుగుచు వచ్చినవారిలో పెక్కుమంది ఉపాధ్యాయులే. 1948 నాటి జనాభాలెక్కల చట్టము ప్రకారము ఆ పుస్తకమును చూచుటకు ఇతరునికి హక్కు లేదు. ఆ చట్టము క్రింది నేరమునకు దప్ప మరి యే వ్యాజ్యమునను అది సాక్ష్యముగ చెల్లదు. విన్నది వెల్లడించిన లెక్కలవాడు శిక్షార్హుడు. కావున ఒకే యుపాధ్యాయుడు, ఒకే యింటివారిని, ఒకే ప్రశ్న యడిగి, జనాభాలెక్కల సంచిలో వేసికొన్నప్పుడు నోరు మెదపడు; బడి సంచిలో వేసికొన్నప్పుడు వాట్సాప్‌లో పంపును!

ఇంకొక మాట చెప్పిన నా తోటివారికి కోపము వచ్చును. 2022లో ఆంధ్రప్రదేశమున ఉపాధ్యాయుల హాజరును ముఖము గుర్తించు యాపుతో, మా సొంత ఫోనులలోనే, వేయవలయునని యుత్తరువు వచ్చినప్పుడు సంఘములన్నియు లేచినవి. మా ముఖము ఎచ్చట దాతురు, ఎవరు చూతురు, మా ఫోనులోని తక్కిన సంగతుల నేమి చేయుదురు అని యడిగిరి. మంచి ప్రశ్నలు. ప్రతి యొక్కటియు న్యాయమైనది. మరుసటి సంవత్సరము తెలంగాణమున ప్రభుత్వపాఠశాలల పిల్లలకు ముఖముతో హాజరు మొదలైనది. ఆ ప్రశ్నలే పిల్లల పక్షమున అడిగినవారెందరు? మన ముఖము మనకు ముఖ్యము. పిల్లవాని ముఖము ఫోనెత్తి తీసికొనదగిన వస్తువు. అయ్యలారా, సమ్మతి చెప్పుటకు గాని వలదనుటకు గాని శక్తి లేనివాడు మనకంటె పిల్లవాడే గదా!

సమ్మతి యనగా జ్ఞాపకమునకు వచ్చినది. అపార్ సంఖ్యకు తల్లిదండ్రుల సమ్మతి కావలెను. అది స్వచ్ఛందమని ప్రభుత్వమే చెప్పుచున్నది. కాని మండలమునుండి వచ్చు ఫోను ‘నూటికి నూరు పూర్తియైనదా?’ అని యడుగును. నూటికి నూరు పూర్తికావలసిన స్వచ్ఛందమును నేను సంస్కృతమునగాని ఆంగ్లమునగాని చదివి యెరుగను. కూలికి పోవు తల్లి గేటువద్ద నిలిచి, చదువరాని కాగితముపై, క్లాసు టీచరు వ్రేలితో చూపినచోట వేలిముద్ర వేసి పోవును. వలదనిన నేమగునని యామె యడుగదు. అడుగవచ్చునని యామెకు చెప్పినవారు లేరు.

ఇట్టి నియమావళి యెట్లుండవలయుననుటకు ముందు నడచినవారు లేకపోలేదు. 1973లో అమెరికా ఆరోగ్యవిద్యాసంక్షేమశాఖ నియమించిన సంఘమొకటి, కంప్యూటరులింకను గదులంత యుండిన కాలముననే, ఐదు సూత్రములు చెప్పినది. రహస్యముగ పట్టిక యుంచరాదు. తన గూర్చి యేమి వ్రాసిరో మనిషి తెలిసికొనగలుగవలెను. ఒకపనికి తీసికొన్నదానిని వాని సమ్మతి లేక వేరుపనికి వాడరాదు. తప్పు దిద్దించుకొనుటకు దారి యుండవలెను. ఉంచువాడు దాని నిజమునకును భద్రతకును పూచీపడవలెను. వీనిని మన బడికి తెచ్చుకొన్న చాలును. క్రొత్తగా గ్రంథము రచింపనక్కరలేదు. తెచ్చుకొనుటలోనే పని యున్నది.

నా మట్టునకు కొన్ని చెప్పుదును. చట్టమో పథకమో పేరు పెట్టి యడుగని వివరమును బడి తనంత తాను అడుగరాదు. తల్లి చేత సంతకము చేయించుకొనుటకు ముందు ఆ కాగితమును తెలుగులో, బిగ్గరగా, ఆమెకు చదివి వినిపింపవలెను. ‘వలదు’ అను గడి కూడ దానిలో నుండవలెను. వలదన్న పిల్లవానిని వేరుచూపు చూడరాదు. కులము, ఆదాయము, రోగము, ఫీజు బాకీ తరగతిలోగాని గ్రూపులోగాని పలుకబడరాదు, వ్రాయబడరాదు. పిల్లల పట్టికలు ఉపాధ్యాయుని సొంతఫోనులో నిలిచియుండరాదు. బడి యందుకొక పరికరము నీయకున్న ఆ పని చేయుమని యడుగు హక్కు పై యధికారికి లేదు. ఈ కడపటిదానిని సంఘములవారు సంతోషముగ నంగీకరింతురు; మొదటివానిని గూడ నంతటి సంతోషముతో నంగీకరించిన బాగుండును. బయటి వ్యాపారికి పేరొక్కటి యిచ్చినను అది వృత్తిద్రోహముగ నెంచి, సంఘము తన సభ్యుని తానే విచారింపవలెను. పదవ తరగతి దాటిన పిల్లవాడు వచ్చి నా గూర్చి మీ పుస్తకములో నేమున్నదో చూపుడనిన చూపవలెను, తప్పున్న దిద్దవలెను.

దీనికి ప్రధానమైన యాక్షేపణ యెరుగుదును. ‘పైనుండి వచ్చు నొత్తిడి మీకేమి తెలియును? పట్టిక పంపకున్న మెమో వచ్చును, పథకము డబ్బు తల్లి ఖాతాలో పడదు, నింద మాకు.’ నిజమే. తల్లికి రావలసిన డబ్బు నాపి నియమము పాటింపుమని నేననుట లేదు. పథకమునకు కావలసినది పథకమునకిండు. ఆ డబ్బు కొరకు తీసికొన్న బ్యాంకు పాసుపుస్తకపు జిరాక్సు మూడేండ్లుగ స్టాఫురూములో కిటికీప్రక్క ఎందుకు పడియున్నదో, దాని వెనుకప్రక్కను లెక్కలు చేసికొనుటకు చిత్తుకాగితముగ ఎవరు వాడిరో, అది మాత్రము మెమో వలన జరిగినది కాదు. పై యధికారి మనచేత చేయించునవి సగమే; తక్కిన సగము మనము మన యలవాటున చేయునవి. ఆ సగమునకైన మనకెవ్వరి యనుమతియు నక్కరలేదు.

వచ్చు జూన్ మాసమున బడులు తెరచుటకు ముందు ప్రతి బడియందును ఉపాధ్యాయులు ఒకపూట కూర్చుండి ప్రవేశపత్రమును బల్లపై పరచుకొందురు గాక. ఒక్కొక్క గడి కెదురుగ ‘దీని నడుగుమన్నదెవరు? ఎందులకు? ఎన్నాళ్లు?’ అని వ్రాయుడు. సమాధానము దొరకని గడిని ఎఱ్ఱసిరాతో కొట్టివేయుడు. కొట్టివేసిన గడులపట్టికను సంఘపు మండలశాఖకు పంపుడు. అది జిల్లాశాఖకు, అచ్చటినుండి రాష్ట్రశాఖకు పోవును. మూడునాలుగువందల బడులనుండి వచ్చిన పట్టికలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో నియమావళి మొదటి ప్రతి సగము సిద్ధమైనట్లే. స్టాఫురూములోని పాత జిరాక్సులను మాత్రము అంతవరకు ఆగక, ఆ దినముననే, ప్రధానోపాధ్యాయుని యెదుట చింపి కాల్చివేయవచ్చును.